విచారణ నడుమ విడిచిన కొలువు

మన సంఘ కార్యాలయమునకు వచ్చి సత్ప్రవర్తన పత్రము వ్రాసి యిమ్మని అడుగువారు ఎప్పుడును కలరు. కళాశాలలో చేరువారు, బెంగుళూరులో ఇల్లు అద్దెకు కావలసినవారు, సంబంధము కుదుర్చుకొనువారు వత్తురు. వారికి వ్రాసి యిచ్చుటకు మా కలము ఆగదు. ఇటీవల మరియొక తెగవారు వచ్చుచున్నారు. వారు తలుపు కడనే కొంతసేపు నిలుతురు. తక్కినవారు వెళ్లిపోవు వరకు గోడమీది కేలండరు చూచుచుందురు. పిమ్మట మెల్లగా విషయము బయటపెట్టుదురు. పనిచేయుచోట ఒక మాట వచ్చినది, విచారణ అనిరి, అది ముగియక మునుపే తానే రాజీనామా వ్రాసి యిచ్చి వచ్చెను. ఇప్పుడు వేరొకచోట, పాత పని ఎందుకు విడిచితివని అడుగుచున్నారు. "ఏమని చెప్పేది అయ్యా?" అని ముగింతురు.

ఈ ప్రశ్నకు మన ఇండ్లలో రెండు తేలిక సమాధానములు వినబడుచున్నవి. ఒకటి అతని మేనమామ చెప్పునది: "చెప్పనే చెప్పొద్దు, ఎవరికి తెలుస్తుంది?" రెండవది అతడు వీధి మలుపు తిరిగిన పిమ్మట అరుగు మీద కూర్చున్నవారు చెప్పుకొనునది: "నిప్పు లేనిదే పొగ వస్తుందా?" ఈ రెండును తప్పని మా అభిప్రాయము.

అనుమానపు చూపు బంగారుగనుల ఊరికి క్రొత్తది కాదు. షాఫ్టు నుండి పైకి వచ్చిన కార్మికుని దేహమును తడిమి చూచిన పిమ్మటనే ఇంటికి పంపిన కాలమును మన తాతలు చూచిరి. సామాన్యమైన దొంగతనపు కేసులో నేరమును రుజువు చేయు భారము ఆరోపించినవానిది. కాని గనుల విషయమున మైసూరు సంస్థానము చేసిన ప్రత్యేక శాసనము క్రింద, ముడిబంగారము ఎవని యొద్ద దొరకెనో వాడే అది న్యాయముగా వచ్చినదని చూపుకొనవలసి యుండెను. మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గము అను గనులు కాగితము మీద వేర్వేరు కంపెనీలైనను, వానిని నడపిన చేయి జాన్ టేలర్ అండ్ సన్స్ వారిది ఒక్కటే. కావున ఒక గనిలో చెడ్డపేరు పడినవానికి తక్కిన గనుల తలుపులును మూసినట్లే. 1930లో వ్రేలిముద్రలతో కార్మికుల పట్టీ సిద్ధము చేయ నారంభించినప్పుడు వేలాది మంది పని మాని వెలుపల కూర్చుండిరి. కూలి కొరకు సమ్మె చేయుట అందరికిని అర్థమగును. వ్రేలిముద్ర కొరకు సమ్మె ఏమని ఈనాటి పిల్లలు అడుగవచ్చును. ఆ చదువురాని వారికి ఒక సంగతి చక్కగా తెలిసియుండెను. మనిషి పేరు మార్చుకొనవచ్చును, ఊరు మార్చుకొనవచ్చును, వ్రేలు మార్చుకొనుటకు వీలు లేదు.

గనులు 1956లో మైసూరు ప్రభుత్వము చేతికిని, 1962లో కేంద్రము చేతికిని వచ్చి, 2001 ఫిబ్రవరి 28న మూతపడెను. ఆనాటి కార్మికుల మనుమలు ఇప్పుడు తెల్లవారకమునుపే మారికుప్పము నుండియు బంగారుపేట నుండియు బెంగుళూరు రైలెక్కుచున్నారు. మరికొందరు నరసాపురము, వేమగల్, మాలూరు కర్మాగారములకు పోవుచున్నారు. ఒకే యజమాని నీడ పోయినది. వేయి యజమానులు వచ్చిరి. ఇన్ని తలుపులున్నప్పుడు ఒకటి మూసిననేమి అను ధైర్యము అందువలననే పుట్టినది. అది నిలుచు ధైర్యము కాదు. నేడు ప్రావిడెంట్ ఫండులో చేరిన ప్రతి ఉద్యోగికిని ఆ సంస్థవారి యూఏఎన్ అను సంఖ్య యున్నది. అతడు ఎవరెవరి యొద్ద పనిచేసెనో, ఏ తేదీన చేరి ఏ తేదీన విడిచెనో ఆ సంఖ్య వెంటనే నడచుచుండును. దానికి తోడు, క్రొత్తగా వచ్చినవాని పూర్వోత్తరములు విచారించి చెప్పుటయే వ్యాపారముగా గల కంపెనీలు వెలసినవి. 1930 నాటి వ్రేలిముద్ర వేరొక వేషమున తిరిగి వచ్చినదనుకొనవలెను.

మా యొద్దకు వచ్చిన ఒక యువకుని సంగతి చెప్పెదము. పేరును, ఊరును, కంపెనీని చెప్పము. బంగారుపేట తాలూకా రైతు కుటుంబపు పిల్లవాడు. ఒక కర్మాగారపు స్టోరులో సామాను లెక్కలు చూచుచుండెను. సంవత్సరాంతపు లెక్కలో రాగితీగ చుట్టలు కొన్ని తక్కువ వచ్చెను. స్టోరు తాళపుచెవి ముగ్గురి యొద్ద ఉండెడిది, సంజాయిషీ నోటీసు మాత్రము ఇతని ఒక్కనికే వచ్చినది. రెండవ వారమున పైయధికారి ఒకరు పిలిచి, "నువ్వే రాసిచ్చి వెళ్లిపో, అంతటితో అయిపోతుంది, పేరు చెడదు" అనెను. చెల్లెలి పెండ్లి నిశ్చయమై యున్నది. పోలీసు మాట వినబడగానే ఇతనికి కాళ్లు వణకెను. "స్వంత కారణములచే" అని ఒక పంక్తి వ్రాసి సంతకము చేసి ఇంటికి వచ్చెను.

మూడు నెలలకు బెంగుళూరులో వేరొక గిడ్డంగిలో పని దొరకెను. అచ్చటి ఫారములో, "గత ఉద్యోగమున మీపై ఎన్నడైనను క్రమశిక్షణ విచారణ జరిగినదా?" అని ఉండెను. "లేదు" అని వ్రాసెను. పని బాగుగనే చేయుచుండెను. రెండు నెలల పిమ్మట పాత కంపెనీ నుండి ఉత్తరము వచ్చినది. క్రొత్త యజమాని పిలిచి అడిగినది రాగితీగ గురించి కాదు. ఫారములోని "లేదు" గురించి. ఆ సాయంకాలమే ఇంటికి పంపిరి. మొదటి కొలువు రుజువుకాని ఆరోపణచే పోయినది, రెండవది రుజువైన అబద్ధముచే పోయినది. రెండవసారి మా యొద్దకు వచ్చినప్పుడు అతనికి మేము చెప్పదగిన ఓదార్పు తక్కువగా నుండెను.

వినాయక చవితి నాడు మన ఇండ్లలో అక్షతలు చేతబట్టి శమంతకమణి కథ వినని తెలుగు కుటుంబము ఉండదు. దినదినమును బంగారము నిచ్చు మణి. సత్రాజిత్తు తమ్ముడు ప్రసేనుడు దానిని ధరించి వేటకు పోయి తిరిగిరాలేదు. మునుపు ఆ మణిని అడిగియున్న పాపమునకు కృష్ణునిపై నీలాపనింద పడెను. బంగారపు ఊరివారమైన మనకు ఈ కథ మరింత దగ్గరగా తోచవలెను. ఆయన చేసిన పని గమనింపదగినది. ద్వారక విడిచి పోలేదు. నన్నెవరనగలరని కోపగించి కూర్చుండలేదు. పరివారమును వెంటబెట్టుకొని అడవికి పోయి, ప్రసేనుని కళేబరము, సింహపు అడుగులు, భల్లూకపు అడుగులు వరుసగా చూచుకొనుచు గుహ చేరి, మణిని తెచ్చి సభలో సత్రాజిత్తుకు ఒప్పగించెను. అడుగుజాడలు, సాక్షులు, సభ: ఈ మూడును ఉన్నందున నింద తొలగినది. మన స్టోరు గుమాస్తాకు ఆ అడుగుజాడలు చూచు అధికారము ఎక్కడిది? సరకు పుస్తకము, గేటు పాసులు, కెమెరా చిత్రములు అన్నియు యజమాని బీరువాలో ఉన్నవి. వానిని చూపుమని అడుగదగిన చోటు విచారణయొక్కటే. రాజీనామా ఇచ్చినవాడు ఆ చోటును తానే విడిచి వచ్చుచున్నాడు. ఈ సంగతి సంతకము చేయునాడు అతనికి ఎవరును చెప్పరు.

కావున సంతకమునకు ముందు తెలియవలసిన నాలుగు ముక్కలు చెప్పెదము. విచారణ సాగుచుండగా సస్పెండు చేసినచో జీతము పూర్తిగా ఆగిపోవునని మనవారు భయపడుదురు. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టములో 1982లోనే దీనికి మార్గము చేర్చబడినది. ఆ చట్టము స్థానమున 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చిన పారిశ్రామిక సంబంధముల కోడ్ కూడ దానిని నిలిపినది. మొదటి 90 దినములు జీతములో సగము, పిమ్మట ఆలస్యము కార్మికుని వలన కానిచో నూటికి 75 వంతులు జీవనభృతిగా ఈయవలెను. విచారణను సామాన్యముగా 90 దినములలో ముగింపవలెనని కూడ ఆ కోడ్ చెప్పుచున్నది. ఇది 300 మందికి తక్కువ కాకుండ పనిచేయు పారిశ్రామిక సంస్థలకు, అందును కార్మికుడను నిర్వచనమునకు లోబడినవారికి. నెలకు 18,000 రూపాయలకు మించి తీసుకొను సూపర్వైజర్లు ఆ నిర్వచనములోనికి రారు. రాజీనామా ఇచ్చినను, తొలగింపబడినను, రావలసిన జీతమును రెండు పనిదినములలో చెల్లింపవలెనని వేతనముల కోడ్ విధించినది. ప్రావిడెంట్ ఫండు కార్మికుని సొత్తు. ఆరోపణ కాగితమును, తానిచ్చిన జవాబును, రాజీనామా ప్రతిని, దానిని అంగీకరించిన ఉత్తరమును దాచుకొనవలెను. మా యొద్దకు వచ్చినవారిలో ఈ నాలుగు కాగితములును చూపగలిగినవారు మిక్కిలి అరుదు. పెండ్లిపత్రికలు పదేండ్లు దాచుకొను మనము జీవనాధారపు కాగితములను పొట్లములు కట్టుటకు ఇచ్చివేయుదుము!

రాజీనామా నేరమును ఒప్పుకొనుట కాదు. నిర్దోషియని ఇచ్చిన తీర్పును కాదు. ఈ రెండవ భాగము మనవారికి చేదుగా నుండును. విచారణ ఆగినచోట నిజము ఆగదు. తెలియక మిగిలిపోవును, అంతే. క్రొత్త యజమాని తెలియని దానిని చూచి వెనుకాడుట సహజము. ఆ వెనుకాటును పోగొట్టుటకు ఉద్యోగార్థి చేతిలో ఉన్న సాధనము తన మాటయొక్కటే. ఆ మాట పొట్టిగా నుండవలెను. "గత ఉద్యోగమున నాపై విచారణ మొదలైనది. ముగియక మునుపే నేను రాజీనామా చేసితిని. ఆరోపణ ఇది, నా జవాబు ఇది, కాగితములు ఇవి." ఇంతకు మించి వలదు. పాత యజమానిని తిట్టుట, తోడి గుమాస్తా మీదికి నెట్టుట, కన్నీరు పెట్టుట, ఈ మూడింటిలో ఏదియు ఇంతవరకు ఎవరికిని కొలువు ఇప్పించినట్లు మేము వినలేదు.

అడుగకపోయినను చెప్పవలెనా? ఈ విషయమున మా కార్యవర్గములోనే రెండు గంటలసేపు వాదము జరిగినది. అడుగనిదానిని తానై పరచుకొననక్కరలేదని కొందరు, దాచినది ఎప్పటికైనను బయటపడునని కొందరు. మాకు తోచినది ఇది. సామాన్యమైన పనికి, ఫారములో ప్రశ్న లేనిచో, మౌనము అబద్ధము కాదు. కాని డబ్బు పెట్టె, ఆసుపత్రి మందుల గది, పిల్లల బడి, ఒంటరి ముసలివారి ఇల్లు, ఇట్టి చోట్ల ఆరోపణ ఆ పనికి సంబంధించినదైనచో అడుగకున్నను చెప్పవలెను. ప్రశ్న అడిగినచో మాత్రము ఎచ్చటనైనను జవాబు ఒక్కటే. సర్కారు కొలువుల విషయమున సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో, అభ్యర్థి తనపైగల క్రిమినల్ కేసుల గురించి ఇచ్చు సమాచారము నిజమై యుండవలెననియు, దాచుట వేరుగా ఒక దోషమనియు తేల్చినది. నిజము చెప్పినంతమాత్రమున కొలువు ఇచ్చి తీరవలెనని ఆ తీర్పు చెప్పలేదు. మేమును చెప్పజాలము. నిజము చెప్పి నాలుగుచోట్ల త్రోయబడి ఐదవచోట కుదిరినవానిని చూచితిమి. ఐదవచోట కూడ కుదరక పొలమునకు తిరిగిపోయిన వానిని కూడ చూచితిమి.

ఇంతవరకు నింద మోసినవాని పక్షమున వ్రాసితిమి. రెండవ పక్షము కూడ కలదు. మా యొద్దకు వచ్చువారందరును నిర్దోషులని మేము అనుకొనుట లేదు. సొమ్ము తీసినవాడు తీసినంత కట్టి, కొంతకాలము సొమ్ము తాకని పని చూచుకొనుట మేలు. రామదాసు పన్ను సొమ్ము గుడికే వెచ్చించెను, తన పొట్టకు కాదు; అయినను గోలకొండ దర్బారు లెక్క అడిగినది. అవసరము వచ్చి వాడుకొంటినను మాటకు లెక్కల పుస్తకములో గడి లేదు.

మరియొక విధమైన ఆరోపణ ఉన్నది, దానిని మన పెద్దలు నోట పలుకుటకే సంకోచింతురు. పనిచేయుచోట స్త్రీలయెడ అనుచితముగ ప్రవర్తించెనన్న ఫిర్యాదు. 2013 నాటి చట్టము క్రింద సంస్థలోని కమిటీ దానిని 90 దినములలో విచారింపవలెను. ఈ విచారణ నడుమ రాజీనామా ఇచ్చి వచ్చిన ఒకరి తండ్రి, మాకు మిక్కిలి ఆప్తుడు, "కుర్రతనం, పోనిద్దురూ, ఒక కాగితం రాసివ్వండి" అని అడిగెను. మేము వ్రాయలేదు. ఆ ఫిర్యాదు చేసిన పిల్ల ఎవరో మాకు తెలియదు; తెల్లవారుజామున అదే బంగారుపేట రైలులో నిలుచుండి పోవు మన వీధి పిల్ల కావచ్చును. విచారణకు నిలిచి, ఏది తేలిన అది తెచ్చి చూపినచో అప్పుడు మాటలాడెదమని చెప్పితిమి. ఆయన అప్పటినుండి మాతో మాటలాడుట మానెను. దానికి విచారము లేదనలేము.

గుంపుగా నింద పడిన సంగతియు మన జిల్లాలోనే జరిగినది. 2020 డిసెంబరు 12న నరసాపురములోని విస్ట్రాన్ కర్మాగారమున జీతముల విషయమై కార్మికులు తిరుగబడి, అద్దములు పగులగొట్టి, వాహనములకు నిప్పు పెట్టిరి. నూరుమందికి పైగా అరెస్టయిరి. జీతముల చెల్లింపులోను పనిగంటలలోను లోపములున్నవని పిమ్మట ప్రభుత్వ శాఖవారి పరిశీలనలో తేలినది. కంపెనీ కూడ తప్పును ఒప్పుకొని ఒక ఉన్నతాధికారిని తొలగించినది. కర్మాగారము 2023లో టాటావారి చేతికి వచ్చినది. జీతము రాలేదన్నది నిజము, అద్దములు పగులగొట్టుట తప్పు. ఒకటి రెండవదానిని చెరిపివేయదు. రాయి విసరినవాడెవడు, దూరముగ నిలిచి చూచినవాడెవడు, ఆనాడు సెలవులో ఉన్నవాడెవడు? అచ్చట పనిచేసితినని చెప్పుకొన్న ప్రతివానిని రాయి విసరినవానిగనే చూచువారు మన అరుగుల మీదనే ఉండిరి. పొగ చూచి నిప్పు ఎవని యొద్ద ఉన్నదో కూడ చెప్పగల జ్ఞానులు వారు.

దీని ఫలితముగ మన సంఘము ఒక పద్ధతి పెట్టుకొన్నది. విచారణ నడుమ కొలువు విడిచినవానికి "సత్ప్రవర్తన గలవాడు" అను పాత పంక్తిని వ్రాయము. అది మాకు తెలియని దానికి సాక్ష్యము చెప్పుట. ఇతని కుటుంబమును ఇన్ని సంవత్సరములుగ ఎరుగుదుము, మా సంఘపు ఫలానా పని ఇతడు చేసెను, పాత ఉద్యోగపు విచారణ సంగతి మాకు తానే చెప్పెను, అని వ్రాయుదుము. చివరి వాక్యమును తీసివేయుమని కొందరు బతిమాలిరి. తీసివేసినచో తక్కిన పంక్తులకును విలువ పోవునని మా నమ్మకము. దుకాణములు, మిల్లులు, బడులు గల మన పెద్దలను మేము కోరునది స్వల్పము: అట్టి ఉత్తరముతో వచ్చినవానిని కూర్చుండబెట్టి, కాగితములు చదివి, ఆ పిమ్మట కావలెనన్న లేదనుడు.

రాగితీగ చుట్టల యువకుడు ఇప్పుడు రాబర్ట్‌సన్‌పేటలో ఒక ఇనుప సామానుల దుకాణమున లెక్కలు వ్రాయుచున్నాడు. మా ఉత్తరమును, అందలి చివరి వాక్యమును చదివియే యజమాని అతనిని పెట్టుకొనెను. జీతము మునుపటిలో మూడింట రెండు వంతులు. చెల్లెలి పెండ్లి అయినది. మొన్న యజమాని కనబడినప్పుడు, కుర్రవాడు ఎట్లున్నాడని అడిగితిమి. "లెక్క బాగా రాస్తాడు. గోడౌను తాళపుచెవి మాత్రం ఇంకా ఇవ్వలేదు. ఉగాది పోనీ, చూస్తాం" అనెను. ఆయన తాళపుచెవి ఇయ్యకుండుట మాకు తప్పుగ తోచలేదు. ఉగాది దాటిన పిమ్మట మరల అడిగెదము.